కర్రోడి కన్ను

ధర్మవరం, ఆగస్టు 1981, సోమవారం

ఊరంతా కండ్లకలక, నాకూ వచ్చింది. చూపుతోనే అంటుకుంటుందని అమ్మ చెప్పడంతో, మా కుక్క కర్రోడు దగ్గరికొస్తే ముఖం తిప్పుకొని తల మాత్రం నిమురుతూ వచ్చాను. ఈ పొద్దు వాడి కన్ను కూడా నీరు కారుతోంది.

పశువుల ఆసుపత్రి కాంపౌండరును అడిగితే, "కుక్కలకు రాదులేమ్మా, దుమ్ము పడింటాది. అయినా అది చూస్తే రాదు, కండ్లు తుడుచుకున్న చేత్తో ముట్టుకుంటే వస్తాది" అన్నాడు.

"మనిషికొచ్చింది కుక్కకు రాకుండా యాడికి పోతాది? ఆయప్పకేం తెలుసు" అంటుంది అమ్మ.

ఇద్దరి మాటల్లో చెరి సగం, కుక్కకూ వస్తుందనేదీ చేత్తో అంటుకుంటుందనేదీ, నిజమైతే, వాడికి అంటించింది నేనే. ఏది నమ్మాలో తెలియడం లేదు.

ఇందాక ముఖం వాడి వైపే పెట్టి, చేతులు వెనక్కి కట్టుకొని కూర్చున్నాను. వాడు నా ముఖం చూడనే లేదు. చెయ్యి కోసం వెతుక్కుంటూ నా వెనక్కి వచ్చాడు.