మోగని అలారం

మంగళవారం రాత్రి, బోయిగూడ

నెలలు నిండని పిల్లల కోసం మేం చేస్తున్న ఇంక్యుబేటర్‌లో ప్రాసెసర్ చిన్నది. నా ప్రోగ్రామ్ దాని మీద నత్తనడక నడుస్తోందని, దాన్ని మిషన్ భాషలోకి మార్చే కంపైలర్‌లో, లెక్కలు వేగంగా చేయించే ఫ్లాగ్ అనే సెట్టింగ్ పెట్టాను. వేగం వచ్చింది. ఈ సాయంత్రం ఆఫీసులో, పాప ఒంటి వేడి చూసే సెన్సర్ వైరు పీకి చూస్తే అలారం మోగలేదు. రీడింగ్ అందకపోతే పట్టుకునే నా తనిఖీని, ఎప్పుడూ సరైన అంకెలే వస్తాయన్న లెక్కన, ఆ ఫ్లాగే ఎత్తేసింది.

"స్పీడ్ మస్తొచ్చింది గదా, వైర్ ఎవడు గుంజుతడు?" అన్నాడు మేనేజర్. పసిపిల్లలు కాళ్లు ఆడించరా!

ఫ్లాగ్ తీసేశాక అలారం మోగింది. కానీ నిన్ననే ఒక ఇంక్యుబేటర్‌ను సీతాఫల్‌మండి నర్సింగ్‌హోమ్‌కు ఇచ్చేశాం, ఆ ఫ్లాగుతోనే. ఫోన్ చేశాను.

"మీ మిషిన్ మంచిగుంది సార్. పొద్దుగాల సంది ఒక్క అలారం సుత మోగలే," అంది నర్సు సంతోషంగా.

అందులోని పాపను వెంటనే పాత దాంట్లోకి మార్చి ఫోన్ చేయమన్నాను. అక్కడికి వెళ్దామని బుక్ చేసిన క్యాబ్ ఇంకా రాలేదు. ఫోనూ మోగలేదు.