రెండో గ్లాసు

పిన్నీ,

నేను బాగానే ఉన్నాను, వేళకు తింటున్నాను. కోప్పడనంటే ఒక మాట. మన సినిమా ఇరవై రెండు నిమిషాలు వచ్చింది. పన్నెండు దాటితే షార్ట్ ఫిల్మ్ పోటీ పెట్టినవాళ్లు చూడనే చూడరట. నువ్వు నాలుగు రోజులు బట్టీపట్టిన మూడు నిమిషాల డైలాగు ఎడిటరమ్మ మొత్తం తీసేసింది. ప్రాణం ఉసూరుమంది. "అది పోతే ఇంకేం మిగులుతుంది మేడమ్?" అని పోట్లాడాను. ఆవిడ నేను "కట్" అన్న తర్వాతి ముక్క వేసింది. ఆ రోజు కెమెరా ఆపడం మరిచిపోయాం. నువ్వేమో ఇంట్లో అలవాటు కొద్దీ షూటింగ్ గ్లాసులు రెండూ కడిగేశావు. ఒకటి బోర్లించి, కథలో చనిపోయిన భర్త కోసం పెట్టిన రెండోది పట్టుకుని అలాగే నిలబడ్డావు. పదకొండు సెకన్లు! నేను మూడు పేజీలు రాసి చెప్పలేనిది నీ చెయ్యి చెప్పేసింది. "ఇది కోసేయడం కాదమ్మా, ఒలవడం. గింజ ఇదిగో" అంది ఆవిడ. చిన్నప్పటి నుంచీ చూస్తున్న నిన్ను అప్పుడే మొదటిసారి చూసినట్టు ఒళ్లు గగుర్పొడిచింది.

మోకాలి నొప్పి తగ్గిందా? కుట్టుమిషన్ బెల్టు మార్పించావా? నా నీలం స్వెట్టర్ పంపు, ఇక్కడ చలి. డైలాగు పోయిందని పక్కింటివాళ్లకు చెప్పకు, నేనే వచ్చి సర్దిచెబుతాను. తాతయ్యకు దండాలు, చెల్లికి ముద్దులు.

ఎడిటరమ్మ నిన్నొకటి అడగమంది. ఆ గ్లాసు ఎక్కడ పెట్టాలా అని చూశావా, లేక పోయిన బాబాయే గుర్తొచ్చాడా? వద్దులే పిన్నీ, రాయకు. నువ్వు చెబితే సినిమా మళ్లీ ఇరవై రెండు నిమిషాలవుతుంది.

నీ డైరెక్టరు