ఆరు పెడితే ఐదయింది

2008 జులై 7, సోమవారం

కంప్యూటర్లో నడుస్తున్న రఫియా లెక్క మళ్లీ చచ్చింది.

మా ల్యాబ్‌లో కాంట్రాక్టు మీద ఉన్న అమ్మాయి, ముందు క్యాబ్‌లో వెళ్లిందట. నేనింకా షామీర్‌పేట దాటలేదు, ఫోన్. “సునీతా, మళ్లా పోయిందే. శుక్రవారం నుంచి నడ్సింది, ఖతం.” గొంతులో ఏడుపు.

తుర్కపల్లిలో ల్యాబ్‌కి చేరగానే బ్యాగు కూడా దించకుండా చూశాను. ఆమె కంటైనర్‌కి మెమరీ హద్దు రెండు జీబీ ఉంది. శుక్రవారం నేను పెట్టింది ఆరు. నా చేత్తో ఆరు.

రఫియాకి మళ్లీ మొదటి నుంచీ చెప్పాల్సి వచ్చింది. ల్యాబ్‌కంతా పెద్ద మిషన్, సర్వర్, ఒక్కటే, దాన్ని గదుల్లా విడగొట్టి ఎవరి కంటైనర్ వాళ్లకిచ్చాం, దేనికెంత ప్రాసెసర్, ఎంత మెమరీ అన్న హద్దులు నేను పెడతాను. ప్రాసెసర్ తక్కువైతే పని నెమ్మదిస్తుంది, అంతే. మెమరీ హద్దు దాటితే మాత్రం మిషన్ ఆ పనిని అక్కడికక్కడే చంపేస్తుంది.

“మరి గంత మెమరీ ఖాళీగ కనవడ్తాంది గదా?”

ఖాళీ కాదు తల్లీ, అకౌంట్స్ వాళ్లు బస్సు సీటు మీద దస్తీ వేసినట్టు ఆపిపెట్టుకున్నారు, అన్నాను. నవ్వలేదు.

వచ్చే సోమవారం మీటింగ్‌లో ఆ లెక్క చూపిస్తేనే ఆమె కాంట్రాక్టు పొడిగిస్తారు. లేదంటే మళ్లీ షామీర్‌పేటలో పిల్లలకి ట్యూషన్లు. చదివిన చదువంతా దండగ.

మిషన్‌లోకి వెళ్లే పాస్‌వర్డ్ ఇద్దరికే తెలుసు. నాకు, నా కింద పనిచేసే వెంకట్‌కి. నిన్న ఆదివారం డ్యూటీ వెంకట్‌ది.

ఆరు పెట్టాను. మళ్లీ చేత్తోనే. సెట్టింగుల ఫైల్లో శాశ్వతంగా రాయాలంటే మా హెడ్ సార్ సంతకం కావాలి. సార్ సగం రోజులు మేడ్చల్‌లో వాళ్ల అన్నదమ్ముల ప్లాట్లు చూపించడంలోనే ఉంటారు, ఉన్న రోజు “ఆ అమ్మాయికి గంతెందుకు?” అంటారు. అందుకే మా దగ్గర అందరికీ ఇలాగే సర్దుతాం. అడిగినవాళ్లకి చేత్తో పెంచడం, పనయ్యాక దించడం. మిషన్ ఆగి లేస్తే పాత హద్దే వస్తుంది, నిజమే. యూపీఎస్ ఉండగా అదెందుకు ఆగుతుంది?

జులై 8

వెంకట్ జామకాయలు తెచ్చాడు, వాళ్ల మేడ్చల్ తోటవి. అందరికీ పంచాడు. నాకు పెద్దది.

పక్కన నిలబడి, మామూలుగా అడిగినట్టు— “అక్కా, రఫియాకు ఎంత పెట్టినవ్?”

నీకెందుకు? అనలేదు. “ఎంత ఉండాలో అంత” అన్నాను.

తల ఊపి వెళ్లిపోయాడు. జామకాయ తినలేదు, టేబుల్ మీదే వదిలేశాను.

జులై 9

మధ్యాహ్నం సర్వర్ గది బయట ఫోన్లో వెంకట్. “మళ్లా గట్లనే అయితాంది. జల్దీ రాండ్రి, లేకుంటే నా మీదికొస్తది.” నన్ను చూసి కారిడార్ చివరికి నడిచాడు.

ఏది అవుతోంది? ఎవరు రావాలి?

జులై 10, గురువారం

ఐదు.

కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాను. ఐదే. నేను సోమవారం పెట్టింది ఆరు. రెండయితే పాత హద్దు అనుకునేదాన్ని. ఆరూ కాదు, రెండూ కాదు, ఐదు! ఈ అంకె ఎక్కడినుంచి వచ్చింది? మిషన్‌కి సొంతంగా ఐదు అనుకునే తెలివి లేదు. ఎవరో కూర్చుని, కంటైనర్ పేరు కొట్టి, ఐదు కొట్టి, ఎంటర్ కొట్టారు. నిన్న సాయంత్రం క్యాబ్ ఎక్కకుండా ఆగిపోయింది వెంకట్ ఒక్కడే.

లెక్క నడుస్తూనే ఉంది, అదొక్కటి అదృష్టం. రఫియాకి చెప్పలేదు. ఆమె మొహం చూస్తే చెప్పబుద్ధి కాలేదు.

అతనికేం లాభం? ఆలోచిస్తే తెలుస్తూనే ఉంది. రఫియా పని పాడైతే మాట పడేది నేను. సునీత హద్దులు సరిగా పెట్టదు అంటారు. నా కుర్చీ అతనికి. అక్కా అక్కా అంటూనే.

జులై 11

సాయంత్రం క్యాబ్‌లో వెంకట్ తన పక్క సీటు నాకోసం ఆపిపెట్టాడు. వెళ్లి వెనక కూర్చున్నాను. “ఏమైంది అక్కా, మాట్లాడ్తలేవు” అన్నాడు. తలనొప్పి అన్నాను. అల్వాల్ దాకా ఇద్దరం చెరో కిటికీలోంచి చూశాం.

దిగేముందే అనుకున్నాను, రేపు చేసేస్తాను.

జులై 12, శనివారం

చేశాను. పాస్‌వర్డ్ మార్చాను. వెంకట్‌కి చెప్పలేదు. రఫియాకి మళ్లీ ఆరు. ఇప్పుడు తగ్గించమను చూద్దాం.

పెట్టిన పాస్‌వర్డ్ ఇక్కడ రాయకూడదు గానీ కోపం మీద ఉన్నాను. దొంగ వెంకట్. ఇంగ్లీషు అక్షరాల్లో, కలిపి. టైపు చేస్తుంటే హాయిగా ఉంది.

జులై 13, ఆదివారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

పొద్దున బట్టలు ఆరేస్తుంటే ఫోన్, వెంకట్. డ్యూటీలో ఉన్నాడు.

“అక్కా, కరెంటు పోయింది. యూపీఎస్ పనిజెయ్యలె. మిషన్ బంద్ అయి లేసింది. రఫియా గదికి రెండే సూపెడ్తాంది.”

రెండా?

“లేసినప్పుడల్ల రెండే అయితాంది గదా. బ్యాటరీలు ఖరాబైనయ్. బ్యాటరీలోళ్లకు ఫోన్ల మీద ఫోన్లు జేసిన, వస్తలేరు. మొన్న ఆదివారం గిట్లనే అయింది, గప్పుడు హద్దు పడిపోతదని నాకు తెల్వలె. బుధవారం మళ్లా అయితే జూసి నేనే ఐదు పెట్టిన.”

ఐదెందుకు పెట్టావని అడిగాను.

“నువ్వు ఎంత పెట్టినవో చెప్పకపోతివి గదా. అందాజుగ పెట్టిన.”

ఎంత ఉండాలో అంత. అదీ నేను చెప్పిన జవాబు. మిషన్ ఎప్పట్నుంచి నడుస్తోందో ఒక్క మాట టైపు చేస్తే అదే చెప్పేది. చూడలేదు. మనుషుల్నే చూస్తూ కూర్చున్నాను.

మరి నాకెందుకు చెప్పలేదు? అడిగేశాను, సిగ్గు లేకుండా.

“చెప్దామనే సీటు ఆపిన. నువ్వు ఎన్కకు పోతివి.”

చేతిలో తడి బట్ట బకెట్లో వదిలేశాను.

“అక్కా, లెక్క ఆగిన కాడికెళ్లి మళ్లా షురూ అయింది. కొంచెం సేపయితే పెద్ద భాగానికొస్తది. రెండు సాలది, సస్తది. నేను లోపటికి పోతలేను. పాస్‌వర్డ్ మారినట్టుంది. ఏంది కొత్తది?”

ఆదివారం క్యాబ్ లేదు. బస్సు పట్టుకుని షామీర్‌పేట, అక్కడ ఆటో వెతుక్కుని తుర్కపల్లి. నేను చేరేసరికి అంతా అయిపోతుంది. ఇంట్లోంచి మార్చే దారి లేదు. నేనే వచ్చి కొడతాను, ఆగు అనబోయాను. రేపు మీటింగ్. రఫియా గొంతు గుర్తొచ్చింది.

చెప్పాను. ఒక్కో అక్షరం.

డి. ఓ. ఎన్. జి. ఏ. అటు కీబోర్డు చప్పుడు వినిపిస్తోంది.

వి. ఈ. ఎన్.

చప్పుడు ఆగింది. ఫోన్ కట్ చేస్తాడనుకున్నాను. చేయలేదు.

“చెప్పక్కా.”

కే. ఏ. టి.

“అన్నీ చిన్నక్షరాలేనా?”

అన్నీ చిన్నవే అన్నాను.

మళ్లీ చప్పుడు. “ఒచ్చిన. ఎంత పెట్టాలె?”

“ఆరు.”

“ఇయ్యాల అకౌంట్సోళ్లది గూడ నడుస్తాంది, ఆరు పెడితే అది ఆగుతది.”

“అయితే నీ ఇష్టం.”

“ఐదు పెడ్తున్న. ఫైల్ల గూడ రాస్తున్న, మళ్లా లేస్తే ఇదే ఉంటది. సార్ సంతకం నువ్వు జూస్కో.” ఫోన్ పెట్టేశాడు.

క్షమించమని అడగలేదు. అతను ఒక్క మాట అని ఉంటే అడిగేదాన్నేమో. ఏమీ అనలేదు, అదే భయంగా ఉంది. అంత ఓపిక మనిషికి ఎందుకుంటుంది? రఫియా మీద ఇంత శ్రద్ధ ఏమిటి? సార్‌తో చెప్పడానికి దాచుకున్నాడా?

చూడు, ఇంకా అవే బుద్ధులు.

జులై 14, సోమవారం

లెక్క పొద్దున్నే పూర్తయిందట. రఫియా కాయితాలు పట్టుకుని పరుగున మీటింగ్‌కి వెళ్లింది, తలుపు వేశారు. మధ్యాహ్నం దాటింది, ఇంకా తెరవలేదు.

సార్ రాలేదు. సంతకం కాయితం నా సొరుగులోనే.

వెంకట్ మామూలుగానే వచ్చాడు. జామకాయలు లేవు. నిన్నంతా మిషన్ దగ్గరే ఉన్నాడుగా, ఎక్కణ్ణుంచి తెస్తాడు. అయినా అందరి చేతుల వైపూ చూశాను.

చివరికి నేనే వెళ్లాను అతని టేబుల్ దగ్గరికి. తప్పయింది అనాలని వెళ్లి, “పాస్‌వర్డ్ మార్చేస్తాను, ఏం పెట్టమంటావు?” అన్నాను.

తెరమీంచి తల ఎత్తలేదు.

“గదే ఉండనీ అక్కా. యాదికుంటది.”

నవ్వాడో లేదో కనిపించలేదు.