వెయ్యిన్నొకటో మాట

ధర్మవరం,
ఆదివారం.

అమ్మకు,

నీ కూతురు లక్ష్మీప్రియ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నాయన, అవ్వ, నేను ముగ్గురమూ బాగున్నాం. కువైట్‌లో నువ్వు కూడా ఒంట్లో ఏ నలతా లేకుండా ఉన్నావనే అనుకుంటున్నాను. సెలవుకు వచ్చిన తనకల్లు పుష్పక్క బుధవారం బెంగళూరులో విమానం ఎక్కుతోంది. ఈ ఉత్తరం, చెనిక్కాయల పొడి, అవ్వ కుట్టించిన రెండు రవికలు ఆమె చేతికి ఇస్తున్నాను. పొడి డబ్బా ఎప్పుడైనా తెరువు. ఉత్తరం మాత్రం పని అంతా అయ్యాక, పక్కన ఎవరూ లేనప్పుడు చదువు.

పుష్పక్కతో నువ్వు పంపిన ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు రాస్తాను. నాయన కుడి కంటికి శుక్లం తీశారు. మగ్గం మీద కూర్చుంటున్నాడు కానీ జరీ అంచు దగ్గరికి వచ్చేసరికి ఇంకా తల బాగా వంచి చూస్తున్నాడు. అవ్వను సంగటి తగ్గించమని డాక్టరు చెప్పాడు, తగ్గించలేదు. కదిరి సంబంధం వాళ్ళు మళ్ళీ రాలేదు. నాకేమీ బెంగ లేదు, నువ్వూ పెట్టుకోవద్దు. పెనుకొండ బడిలో ఉద్యోగం అలాగే సాగుతోంది. పొద్దున రైలుకు వెళ్ళి, ఎనిమిది, తొమ్మిది తరగతులకు తెలుగు చెప్పి, సాయంత్రం రైలుకు ఇంటికి వస్తున్నాను.

చివర్లో ఇంకొకటి అడిగావు. ఎప్పుడు చూసినా ఫోన్లో ఏదో రాస్తున్నానని అవ్వ చెప్పిందట, ఏం రాస్తున్నావని. పోయిన శుక్రవారం ఫోన్లో కూడా అదే అడిగావు. నెట్‌వర్క్ సరిగా లేదని పెట్టేశాను. అమ్మా, నెట్‌వర్క్ బాగానే ఉండింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఈ ఉత్తరం.

హిందూపురంలో ఆదెప్ప సారని రిటైరైన తెలుగు మాస్టారు ఉన్నారు. ఆయనా, ఇంకో పదిమందీ కలిసి ఏటా కథల పోటీ పెడతారు. బాగున్నవి సభలో చదివి వినిపిస్తారు, తర్వాత పుస్తకం వేస్తారు. ఈ ఏడు ఇచ్చిన విషయం ‘మా ఇంటి కథ’. నిబంధన ఒక్కటే. వెయ్యి మాటలు దాటకూడదు. వెయ్యిన్నొకటి ఉన్నా చదవకుండా పక్కన పెడతామని కాగితం మీద అచ్చువేసి మరీ పంపారు.

నేను మన ఇంటి గురించి రాయడం మొదలుపెట్టాను. నెల రోజులు రైల్లోనే రాశాను. నాయన మగ్గం, అవ్వ అరుపులు, నువ్వు కండెలు చుడుతూ నాకు ఎక్కాలు ఒప్పచెప్పించుకోవడం, అన్నీ వాటంతట అవే వచ్చాయి. అన్ని మాటలు నాలో ఉన్నాయని నాకే తెలియదు. రాయడం అయ్యాక, మా బడిలో కంప్యూటర్ చెప్పే క్రాంతి కుమార్ సారును మాటలు లెక్కపెట్టడం ఎట్లా అని అడిగాను. ఆయన నా ఫోన్లో ఒక వెబ్‌సైట్ తెరిచి, కథంతా అందులో అతికించమన్నాడు. అతికించాను. పైన అంకె వచ్చింది. 1,870.

ఆ రోజు నుంచి నాకు మనశ్శాంతి పోయింది.

మొదట్లో మేలే జరిగింది, ఆ మాట ఒప్పుకోవాలి. ఏ మాట ఎన్నిసార్లు వాడానో పక్కన ఒక పట్టీలో చూపించింది. ‘చాలా’ అని నలభై మూడుసార్లు రాశానట. ముప్పై ఎనిమిది తీసేశాను. కథకు ఏమీ కాలేదు, ఇంకా బాగుపడింది. చెప్పిందే చెప్పిన చోట్లు తీసేశాను. 1,400కు వచ్చింది. అక్కడి నుంచి కిందికి దిగడమే నరకమైంది. ఆ సైటుకు భాష తెలియదమ్మా. ఖాళీ జాగా కనిపిస్తే అక్కడికి ఒక మాట అయిపోయినట్టు లెక్క. ‘రాకుండా పోయి ఉంటే’ అని విడదీసి రాస్తే మూడు, ‘రాకుండాపోయుంటే’ అని కలిపేస్తే ఒకటి. పిల్లలకు సంధులు విడదీయడం నేర్పేదాన్ని, మాటలు మిగుల్చుకోవడానికి కనిపించిన చోటల్లా సంధులు కలపడం మొదలుపెట్టాను. చదువుకుంటే నా కథ నాకే నోరు తిరగలేదు. మళ్ళీ విడదీశాను. అంకె మళ్ళీ పైకి పోయింది.

ఇంకో సైటులో పెడితే అదే కథకు పన్నెండు మాటలు ఎక్కువ చూపించింది. గీతల్ని కూడా మాటల కింద లెక్కేసింది. మూడోది అక్షరాలు లెక్కపెట్టేది. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరానికి ఆరు అంది. నా వాక్యాలు పొడుగని కింద ఎర్రగీతలు గీసేది. నాయన మగ్గం చప్పుడు గురించి నేను ఇష్టపడి రాసుకున్న వాక్యం కింద కూడా గీసింది. ఒకరోజు గుట్టల మధ్య సిగ్నల్ పోయి, పేజీ మళ్ళీ మొదటికి వచ్చి, అరగంట సేపు కోసి సరిచేసినదంతా మాయమైంది. ఎదురు సీట్లో పెద్దావిడ నా మొహం చూసి, మీవాళ్ళు ఎవరైనా పోయినారా అమ్మా అని అడిగింది. లేదు, మాటలు ఎక్కువైనాయని ఎలా చెప్పను?

బడిలో పిల్లల మీద విసుక్కున్నాను. వ్యాసం రెండు పేజీలు రాసిన పిల్లను ఇంత ఎందుకు రాశావని గద్దించాను. ఆ పిల్ల ఇప్పుడు అర పేజీకి మించి రాయడం లేదు. అదీ నా పుణ్యమే.

చివరికి గడువు రోజున సరిగ్గా వెయ్యికి తెచ్చి పంపాను. ఎలా తెచ్చానో కొంచెం ఆగి చెప్తాను. మొదటి బహుమతి వచ్చింది.

మూడు ఆదివారాల కిందట సభకు నాయనను తీసుకుని హిందూపురం వెళ్ళాను. నాయన తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. కథ ఏమిటో ముందు చెప్పలేదు, అక్కడే వినమన్నాను. ఆదెప్ప సారే స్వయంగా చదివారు. మగ్గం చప్పుడు దగ్గరికి వచ్చేసరికి అందరూ మాటలు ఆపేశారు. నాయన మొహం చూశాను. అంత వెలుగు ఆయన మొహంలో నువ్వు వెళ్ళాక చూడలేదు. ఆ తర్వాత ఒక వాక్యం వచ్చింది. నాయన తల ఎత్తి నా వైపు చూశాడు. మళ్ళీ దించుకున్నాడు.

సభ అయ్యాక ఆడవాళ్ళు నా చుట్టూ చేరారు. ఒకామె నా చెంపలు నిమిరి, “తల్లిలేని పిల్లవు, ఎంత బాగా రాస్తివమ్మా” అంది. ఎవరో పెద్దాయన నాయన భుజం తట్టి, ఒంటిచేత్తో బిడ్డను సాకినావప్పా అన్నాడు. నాయన చేతులు జోడించాడు.

అమ్మా, చదవడం ఆపకు. చెప్తున్నాను.

కథలో నువ్వు కువైట్‌కు వెళ్ళిన రోజు గురించి 412 మాటలు రాశాను. బెంగళూరులో నువ్వు లోపలికి వెళ్ళిపోయాక నాయన ఆ అద్దాల దగ్గరే రెండు గంటలు నిలబడటం, తిరిగొచ్చేటప్పుడు బస్సులో నీ చెప్పుల సంచి మా దగ్గరే ఉండిపోయిందని చూసుకోవడం, అన్నీ. మాటలు తగ్గించాలని దాన్ని 250 చేశాను. తర్వాత 90. తొంభై మాటల్లో చదివితే నువ్వు మమ్మల్ని వదిలేసి నీ సుఖానికి పోయినట్టు ఉంది. ఎందుకు వెళ్ళావో చెప్పాలంటే మగ్గాలు ఆగిపోయిన సంగతి చెప్పాలి, అవ్వ జబ్బు చెప్పాలి, నా చదువు చెప్పాలి. వాటికి మాటలు ఎక్కడివి? అంతా కొట్టేసి మూడు మాటలు పెట్టాను. ‘అమ్మ ఊర్లో లేదు.’

అతికించి చూస్తే 1,001.

ఒక్క మాట తీయాలి. సాయంత్రం రైలు పెనుకొండలో కదిలింది. ఇంకో గంటలో గడువు అయిపోతుంది. కథంతా పైనుంచి కిందికి వెతికాను. మగ్గం చప్పుడు దగ్గర ఒక మాట తీయవచ్చు, మనసు ఒప్పలేదు. ‘ఊర్లో’ తీసేశాను. అప్పుడు వాక్యం ఏమైందో నువ్వే చూడు. ‘అమ్మ లేదు.’ వెయ్యి దాటలేదని కింద ఆకుపచ్చ గుర్తు పడింది.

పొరపాటున జరిగిందని రాయవచ్చు. రాయను. తెలుగు పంతులమ్మను, ఆ రెండు మాటలకు అర్థం ఏమిటో నాకు తెలుసు. తెలిసే పంపాను. పైగా, అట్లా అయితే కథ ఇంకా గుండెకు తగులుతుందని కూడా అనిపించింది. నేను దాచింది ఇదే.

తిరుగు రైలు కొత్తచెరువు దాటింది. నాయన కిటికీలోంచి చూస్తూనే అన్నాడు.

“వాళ్ళు చప్పట్లు కొడతాంటే మీయమ్మకు తద్దినం పెడతాన్నట్టు ఉండె పాపా. లేసి చెప్దామనుకుంటి. నీ మొగం జూసి కూకుంటి.”

వెయ్యి మాటలే రాయమన్నారు నాయనా అన్నాను.

“ఆ లెక్క నాకు తెల్దు. ఆమె బతికుండాది.”

మరుసటి రోజు పొద్దున్నే మన వీధి చౌడక్క ఏడుస్తూ వచ్చింది. ఆమె చెల్లెలిది హిందూపురమే, సభలో ఉందట. ఇంత జరిగితే నాకొక మాట చెప్పకపోతిరే అని చౌడక్క గుమ్మంలో కూలబడింది. అవ్వకు అప్పటికి ఏమీ తెలియదు. నా కోడలు మొన్న శుక్రవారం కూడా మాట్లాడె, నీ నోట్లో మన్ను పడ అని చౌడక్కను వీధి చివరిదాకా తరిమింది. సంగతి తెలిశాక నాతో వారం రోజులు మాట్లాడలేదు. నీకు చెప్పమంటే ఇద్దరూ ఒప్పుకోలేదు. చేసినదానివి నువ్వే చెప్పుకో అన్నారు. ఎవరైనా నీకు ఫోన్ చేసి వింతగా మాట్లాడితే ఇదీ కారణం.

పోయిన ఆదివారం ఒక్కదాన్నే హిందూపురం వెళ్ళాను. మా అమ్మ బతికే ఉంది సార్, కథ మార్చుకోనివ్వండి అని అడిగాను. ఆదెప్ప సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. కథలో ఎవరైనా పోవచ్చు గదమ్మా అన్నారు. మీరు మా ఇంటి కథ రాయమన్నారు, నేను మా ఇల్లు అని చెప్పి అబద్ధం రాశాను అన్నాను. ఆయన గోడ మీది క్యాలెండర్ వైపు చూశారు.

“నెలాఖరుకు పుస్తకం ప్రెస్సుకు పోతాది. అంతలోపల మార్చి తెస్తే వేస్తా. వెయ్యి దాటగూడదు. బహుమానం మాత్రం రెండో కథకు పోతాది, అది న్యాయం.”

సరే అన్నాను. సభలో బహుమతిగా కప్పిన శాలువా ఆయన బల్ల మీదే పెట్టి వచ్చాను. నాయనకు చెప్తే, మంచి పని చేసినావు అని మాత్రం అని మగ్గం గుంటలోకి దిగాడు.

ఈసారి మగ్గం వద్దు, నాయన వద్దు, అంతా నీ గురించే రాస్తానని కూర్చున్నాను. వెయ్యి మాటలూ నీకే. దేన్నీ కోయనక్కరలేదు. బండ్లగేటు దగ్గర నువ్వు నన్ను రైలు చూపించడానికి ఎత్తుకున్న సంగతుల దగ్గర నుంచి ఎక్కాల దాకా చిన్నప్పటివి రాశాను. నువ్వు వెళ్ళడం రాశాను. వెళ్ళాక శుక్రవారాలు ఫోన్ చేస్తావని రాశాను. చేసినప్పుడల్లా మేం తిన్నామా అని అడుగుతావని రాశాను. ఆ తర్వాత ఫోన్ మీద వేలు కదల్లేదు. సోమవారం రైల్లో అతికించి చూశాను. 538. సైటు తప్పుగా లెక్కేసిందని ఇంకో దాంట్లో పెట్టాను. అక్కడా 538. ఇన్ని రోజుల్లో ఆ రెండూ ఒకే అంకె చెప్పడం అదే మొదటిసారి.

అందులో నువ్వు వెళ్ళిన తర్వాతవి ఎన్నో విడిగా లెక్కపెట్టాను. పంతొమ్మిది. ఆరేళ్ళకు పంతొమ్మిది మాటలు.

పంతొమ్మిదిని ఎట్లా పెంచాలో నాకు తెలియలేదు. కల్పించి రాయడానికి ఇక చేతులు రావడం లేదు. నువ్వే చెప్పాలి. అక్కడ ఎక్కడ పడుకుంటావు? నీకంటూ ఒక గది ఉందా? ఆ ఇంట్లో పిల్లలు నిన్ను ఏమని పిలుస్తారు? వంటింటికి కిటికీ ఉంటే అందులోంచి ఏం కనిపిస్తుంది? వెళ్ళిన మొదటి రోజు ఏం తిన్నావు? వాళ్ళ మాట అర్థంకాక ఎప్పుడైనా తిట్లు తిన్నావా? జ్వరం వస్తే కషాయం ఎవరు కాచి ఇస్తారు? అద్దాల అవతలికి వెళ్ళాక నువ్వు వెనక్కి తిరిగి చూశావా? మేం బయట నిలబడి చూశాం, నువ్వు మాకు కనిపించలేదు.

ముందు నన్ను తిట్టు. ఎంత కోపం ఉంటే అంతా తిట్టు, నేను ఎదురు చెప్పను. నీకు మనసైతే ఆ తర్వాత వీటికి జవాబులు చెప్పు. మనసు కాకపోతే ఇంకో శుక్రవారం చెప్పు. నెలాఖరు దాటిపోయి నా కథ పుస్తకంలో లేకపోయినా పరవాలేదు. ఈ శుక్రవారం ఫోన్ వచ్చినప్పుడు నాయన, అవ్వ బయట అరుగు మీద కూర్చుంటామన్నారు. మేం తిన్నామో లేదో ఇప్పుడే చెప్తున్నాను, తిన్నాం. ఇక ఆ రోజు మా సంగతులు అడగకు. నువ్వు మాట్లాడు, నేను వింటాను.

ఇట్లు,
నువ్వు ఏమన్నా పడటానికి సిద్ధంగా ఉన్న
నీ కూతురు
లక్ష్మీప్రియ