బోగస్‌కి పుట్టిల్లు

ఎడిసన్,
బుధవారం

తేజూ,

ఫోన్‌లో చెబితే "వీకెండ్ మాట్లాడదాంలే" అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. మొత్తం చదివాకే తిట్టు.

నిన్న సాయంత్రం ఇషాని స్పెల్లింగ్ బీకి ప్రాక్టీస్ చేయిస్తున్నాను. లిస్టులో 'బోగస్' వచ్చింది. ఓస్, ఇంతేనా అనుకున్నా. బోగస్ ఓట్లు, బోగస్ రేషన్ కార్డులు అని మనం చిన్నప్పట్నించీ వింటున్న మాటేగా! పోటీలో అడిగినట్టే అర్థం అడిగింది. నకిలీ అన్నాను. ఎక్కడ పుట్టిందని అడిగింది. పుస్తకం చూసి చెప్పాను: రెండొందల ఏళ్ళ కిందట ఒహాయోలో దొంగ నాణేలు చేసే మిషన్‌ని అలా పిలిచేవారట, అంతకుముందు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరికీ తెలీదట. వాక్యంలో పెట్టి చెప్పమంది. వంకాయలు తరుగుతూ "నువ్వే చెప్పవే" అన్నాను.

"మా అమ్మ జాబ్ బోగస్."

ఎవరు చెప్పారే అంటే, "నువ్వు కుకింగ్ చేస్తుంటే నీ స్క్రీన్ మీద మౌస్ దానికదే తిరుగుతుంది. అది నాన్న కదా?" అంది. వెక్కిరించలేదు తేజూ, మామూలుగానే అంది. అదే నన్ను చంపేసింది.

ఇంటర్ పిల్లలకి బోటనీ చెప్పుకునేదాన్ని. డేటాబేస్‌లో ఎనిమిదేళ్ళ అనుభవమని రెజ్యూమెలో రాసింది నువ్వు. ఇంటర్వ్యూలో చెవిలో నువ్వు చెబుతుంటే చిలకలా వల్లించింది నేను. అందరూ చేసేదే అన్నావు, సిగ్గులేకుండా సరే అన్నాను. అప్పట్నించీ నువ్వు దేశం ఆ చివర సన్నీవేల్‌లో కూర్చుని, నా కంప్యూటర్‌లోకి దూరి నా పని చేస్తున్నావు. మీటింగ్‌లో ఎవరైనా "గుడ్ జాబ్, రేణు" అంటే కెమెరా ఆపేస్తాను.

ఇవాళ పొద్దున మేనేజర్‌కి అంతా చెప్పేశాను. ఎవరు చేసిపెట్టారని అడిగితే నీ పేరూ చెప్పాల్సి వచ్చింది. ఉద్యోగం పోయింది. నీ వీసాకి ఏమవుతుందోనని భయంగా ఉంది. అయినా మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోలేను.

నీ
రేణు


సన్నీవేల్,
మంగళవారం

రేణూ,

నీ ఉత్తరం చదివి, కొంప ముంచిందిరా దేవుడా అనుకున్నాను. అందుకే నీ ఫోన్ ఎత్తలేదు.

నీకు చెప్పనిది ఒకటుంది. పెళ్ళిచూపుల్లో హైదరాబాద్‌లో మూడేళ్ళు పనిచేశానన్నానే, ఆ కంపెనీయే లేదు. ఒక గదిలో లెటర్‌హెడ్ కొట్టించి సర్టిఫికెట్ ఇచ్చారు. నా వీసా దానిమీదే నిలబడింది. ఆ తర్వాత పని నేర్చుకున్నాను, నిజమే. కానీ పదమూడేళ్ళుగా ఎవరు తలుపు కొట్టినా నన్ను పట్టుకోడానికే వచ్చారనుకుంటాను. నీ చేత కూడా చేయిస్తే నాది అంత పెద్ద తప్పుగా కనిపించదనుకున్నాను. ఎంత నీచమో చూడు.

నిన్న మా ఆఫీసువాళ్ళు పిలిచి, మీ కంపెనీ నుంచి కబురొచ్చిందని నా కాగితాలన్నీ అడిగారు. ఈ దేశంలో ఇంకెన్నాళ్ళుంటామో తెలీదు. నీ తప్పేం లేదు. ఏడవకు.

శుక్రవారం వస్తున్నాను. ఇషాకి నేనే చెప్తాను. మనింట్లో నిజంగా పని తెలిసినవాడు నాన్నేనని అది ఇంకా నమ్ముతోంది. నేను వచ్చేదాకా నమ్మనివ్వు.

తేజేశ్వర్