టీవీ కట్టేశాక పడిన రెండు గోల్స్

మావయ్యా,

నేను, చైతన్యని. నువ్వు వెళ్ళిపోయి ఆరు నెలలు దాటింది. ఇలాంటి ఉత్తరాల్లో ముందు క్షేమసమాచారాలు రాయడం మర్యాదట. రాయను. నీ మీద ఒళ్ళు మండిపోతోంది. క్షేమం సంగతి తర్వాత చూద్దాం.

ముందు వార్త విను. స్కాట్లాండ్ ప్రపంచ కప్‌కి వెళ్తోంది.

అవును, మన స్కాట్లాండే. నువ్వు కాకినాడ నుంచి ఎడిన్‌బర్గ్‌లో దిగిన ఏడాది ఆఖరిసారి వెళ్ళిన స్కాట్లాండ్. ఇరవై ఏడేళ్ళు కాచుక్కూర్చున్నావు. ఇంకో అయిదు వారాలు... అయిదంటే అయిదు వారాలు ఆగలేకపోయావా?

ఎమ్మెస్సీ చదువుకుందామని నీ ఇంటికొచ్చిన మొదటి రాత్రే నాకు క్లాసు పీకావు, గుర్తుందా? చదువు గురించి కాదు. "ఒరేయ్, ప్రపంచంలో రెండు దేశాల మధ్య మొట్టమొదటి ఫుట్‌బాల్ మ్యాచ్ ఆడింది మనమేరా. ఇంగ్లాండ్‌తో. ఎంతకెంతో తెలుసా? సున్నా-సున్నా. అప్పుడు మొదలెట్టిన సున్నా ఇంకా నడుస్తానే ఉంది."

ఆ తర్వాత వరసగా చరిత్ర. ఒక కప్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా ఇంటికొచ్చేశారు. ఇంకో కప్‌లో, ఫైనల్ దాకా వెళ్ళిన హాలండ్‌నే ఓడించి మరీ ఇంటికొచ్చేశారు. ఎన్నిసార్లు వెళ్ళినా మొదటి రౌండ్ దాటిన పాపాన పోలేదు. కాటిసీనులో పద్యం అందుకున్న నాటకాలాయనలా రాగం తీసి మరీ చెప్పావు. నేను ఆవలిస్తే, మధ్యలో ఆవలించకూడదని మళ్ళీ మొదట్నించి ఎత్తుకున్నావు.

హాస్పిటల్ ల్యాబ్‌లో రక్తం పరీక్షలు చేసుకునే గోదావరి జిల్లా మనిషికి ఈ టీమ్ ఎందుకు పట్టిందని అడిగాను. "వచ్చిన కొత్తరా. ఒక్క మనిషి తెలీదు. పబ్బులో బ్రెజిల్‌తో మ్యాచ్ వేశారు. మనోళ్ళు గోల్ కొట్టగానే పక్కనున్న ఎర్రజుట్టు ఆసామి నన్ను ఎత్తి గిరగిరా తిప్పేశాడు. మా నాన్న కూడా నన్నట్టా ఎత్తలేదు. ఇంక టీమ్ మార్చడం మర్యాదంటావా?"

ఆ మ్యాచ్ కూడా ఓడిపోయారని మాత్రం ఆఖర్న, గొంతు తగ్గించి చెప్పావు. మన గోల్‌లో మనమే వేసుకున్నామని ఇంకా తగ్గించి.

సరే. ఇప్పుడు అసలు గొడవలోకి వస్తున్నా. నీ రూలు.

ఎనభయ్యో నిమిషం దాటాక మనం గెలుస్తూ ఉండకపోతే టీవీ కట్టేయాలి. కంచాల ముందు కూర్చోవాలి. "ఆళ్ళు మన కడుపు మాడ్చేలోగా మనమే తినేద్దాం పదండి." ఇంటిల్లిపాదికీ ఇదే శాసనం. నీ కూతురు నిత్య ఇక్కడే పుట్టి, ఇక్కడి యాసలో మాట్లాడుతూ, ఫుట్‌బాల్ మ్యాచ్ అంటే ఎనభై నిమిషాలే అనుకుంటూ పెరిగిందట పాపం. స్కూల్లో ఆ మాట అని నవ్వులపాలైందని ఈమధ్యే చెప్పింది.

నేను ఒకే ఒక్కసారి ఎదురు తిరిగాను. మొన్నటి యూరో కప్‌లో హంగరీతో మ్యాచ్. సున్నా-సున్నా. కట్టేయనివ్వలేదు, రిమోట్ మీద కూర్చున్నాను. ఎక్స్‌ట్రా టైమ్ కూడా కాదు, దెబ్బలకీ ఆపినవాటికీ కలిపిన ఆ చిల్లర నిమిషాల్లో, నూరో నిమిషంలో మనవాళ్ళు గోల్ ఇచ్చేశారు. నువ్వు నన్ను తిట్టలేదు. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు కాఫీ గ్లాసు అందిస్తూ, "అందుకేరా కట్టెయ్యమంటా" అన్నావు. ఆ రోజుతో నేను నీ మతంలో కలిసిపోయాను.

ఇక డెన్మార్క్ మ్యాచ్. గెలిస్తే మనం కప్‌కి, డ్రా అయితే వాళ్ళు. నువ్వు పోయాక అత్తయ్య టీవీ పెట్టనేలేదు. ఒక్కతే ఉంటుందని నేనే వెళ్ళి పెట్టాను. మొదలైన మూడు నిమిషాలకే మనవాడొకడు గాల్లో తలకిందులై కొట్టాడు చూడు... నువ్వు చూడలేదుగా. చెప్పను. ఉడుక్కో.

తర్వాత వాళ్ళు ఒకటి. వాళ్ళ మనిషొకణ్ణి బయటికి పంపారు. పది మందే మిగిలారు. మనం రెండోది కొట్టాం. నీ ఫోటో వైపు చూసి కాలర్ ఎగరేశాను కూడా. నాలుగు నిమిషాల్లో, పది మంది, మావయ్యా, పదే పదిమంది... సమం చేసేశారు.

గడియారం చూశాను. ఎనభై రెండు. లేచి టీవీ కట్టేశాను.

అత్తయ్య బీరకాయ పప్పు వడ్డించింది. రెండు ముద్దలు తిన్నానో లేదో, కింది ఫ్లాట్ పెద్దాయన గావుకేక పెట్టాడు. నేను అత్తయ్యకి ఏం చెప్పానో తెలుసా? మూడోది కూడా ఇచ్చేశారు, కట్టేసి మంచి పని చేశాం అని. నెయ్యి వేయించుకుని తిన్నాను. ఒక జాతి మొత్తం సంతోషంతో అరుస్తుంటే, చావు కబురనుకుని అప్పడం నంజుకున్నవాణ్ణి భూప్రపంచంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. నీ దగ్గర ట్రైనింగ్ అయినవాడికి అరుపు అంటే ఇంకే అర్థం తెలుస్తుంది?

ఇంకాసేపటికి రెండో కేక. ఈసారి నేల అదిరింది. వీధంతా కారు హారన్లు. ఎంగిలి చేత్తోనే టీవీ పెట్టాను. ఆటగాళ్ళు ఒకరి మీద ఒకరు గుట్టగా పడి ఉన్నారు. నాలుగు-రెండు. ఆఖరిది మైదానం మధ్య గీత దగ్గర్నుంచి కొట్టారట.

ఇరవై ఏడేళ్ళలో పనికొచ్చిన రెండే రెండు గోల్స్. రెండూ మనింట్లో టీవీ కట్టేశాక పడ్డాయి.

అప్పుడు అత్తయ్య, గరిటె చేత్తో పట్టుకునే వెళ్ళి, పోయినా సరే ఈ ఇంట్లో ఒక్క మ్యాచ్ పూర్తిగా చూడనివ్వవా అని నీ ఫోటోని నిలదీసింది. పెళ్ళయినప్పట్నించీ దాచుకున్న గొంతనుకుంటా, కింది పెద్దాయన అరుపు ఆపేశాడు. తర్వాత నవ్వింది. తర్వాత ఏడ్చింది. నేను పప్పు చల్లారిపోతోందని అన్నాను. ఇంకేమనాలి?

మన తెలుగు క్రికెట్ బ్యాచ్ సంగతి కూడా విను. మీ టీమ్ ఎప్పుడు గెలుస్తుందండీ అని ప్రతి పార్టీలోనూ నిన్ను ఏడిపించినవాళ్ళే, మర్నాటికల్లా స్కాట్లాండ్ నీలం జెర్సీలు తొడుక్కుని ఫోటోలు పెట్టారు. ఒకాయన చిన్నప్పట్నించీ స్కాట్లాండ్ అభిమానినని రాశాడు. ఆయన చిన్నప్పుడు తణుకులో ఉన్నాడు! వాళ్ళ మీద పెద్ద కోపం లేదులే. ఉన్న కోపమంతా నీకే ఖర్చయిపోయింది.

ఎందుకంటే మావయ్యా, ఛాతీలో పట్టేసినట్టుందని నువ్వు అన్నప్పుడు అత్తయ్య జీపీ సర్జరీలో, అదే మన వీధి డాక్టరు క్లినిక్‌లో, అపాయింట్‌మెంట్ తీసుకుంది. నువ్వు వాయిదా వేయించావు. "గ్యాసే. గ్రీస్ మ్యాచ్ అవ్వనీ, అప్పుడు చూద్దాం." పక్కవాళ్ళ రక్తంలో ఏముందో రోజంతా చెప్పేవాడివి. గ్రీస్ మీద గెలిచారు. ఆ మ్యాచ్ నువ్వు చివరిదాకా చూశావు కూడా. మూడో రోజు పొద్దున్న లేవలేదు.

టీమ్ మీద నమ్మకం లేక కట్టేసేవాడివి, అర్థం చేసుకున్నాను. మా మీద ఏం లేక కట్టేశావు?

వద్దులే. జవాబు చెప్పలేవుగా.

జూన్‌లో కప్. హైతీ, మొరాకో, బ్రెజిల్. నువ్వు దిగిన ఏడాది తగిలిన బ్రెజిల్, మొరాకోలే మళ్ళీ తగిలాయి. దేవుడికి కొత్త ఆలోచనలు రావా? హైతీతో ఆట మనకి తెల్లవారుజామున. అత్తయ్య తను పనిచేసే ముసలివాళ్ళ కేర్ హోమ్‌లో ఆ వారం డ్యూటీలు అప్పుడే మార్పించుకుంది. నిత్య లండన్ హారో నుంచి వస్తోంది. మొదటిసారి తొంభై నిమిషాలూ చూస్తుందట. కింది పెద్దాయన్ని కూడా అత్తయ్యే పిలిచింది, కేకలు పైనే పెట్టుకోమని.

మొదటి రౌండ్ దాటతామా? నాకు తెలీదు. బహుశా దాటం. చిల్లర నిమిషాల్లోనే గుండెలు పగలగొడతారు, అది వాళ్ళకి చేతనైన పనే. పగలనీ. ఓడితే ఓడడం మొత్తం చూస్తాం. రిఫరీ ఈల వేసేదాకా మా ఇంట్లో ఎవరూ అన్నానికి లేవరు.

నువ్వెక్కడున్నా ఎనభయ్యో నిమిషానికి కళ్ళు మూసేసుకుంటావని తెలుసు. అందుకని అక్కణ్ణించి నేను పైకి వినబడేలా చెప్తూ ఉంటాను, ఒక్కొక్క పాసూ, ఒక్కొక్క తప్పూ. వింటూ కూర్చో, మావయ్యా. ఇంకోసారి మధ్యలో లేచి వెళ్ళిపోయావో... ఊరుకోను.

కోపం తగ్గని నీ మేనల్లుడు,
చైతన్య