సలాలాలో ఖాదీ

అన్నయ్యా, ఎలా ఉన్నావు?

నువ్వు వెళ్లిపోయి ఏడాది దాటింది. నిన్ను ఈ మాట అడగడం తెలివితక్కువతనమే, తెలుసు... కానీ నేను ఫోన్ చేసినప్పుడల్లా నువ్వే కదా ముందు అడిగేవాడివి. ఈసారి నేనే ముందు అడిగాను. నేను బాగానే ఉన్నాను. గల్ఫ్ అంతా ఎండలో మాడుతున్నా మా సలాలాలో జల్లు పట్టుకుంది. కొండలన్నీ పచ్చబడ్డాయి, ఉతికిన యూనిఫాం మాత్రం ఆరి చావడం లేదు. ఆసుపత్రిలో పొద్దుటి నర్సు డ్యూటీ ముగించుకుని వచ్చి, టీ పెట్టుకుని కూర్చున్నాను.

నీ మీద చాలా కోపంగా ఉంది. ఎందుకో తర్వాత చెబుతాను. ముందు ఇంటి సంగతి.

మొన్న వదిన ఫోన్ చేసింది. మన ఊళ్లో, నాన్న పక్కన, నీ సమాధి మీద పెట్టే రాయి సిద్ధమవుతోందట. ఆ రాయి మీద ఏం చెక్కించాలన్న దగ్గరే గొడవ. నీ పాత పార్టీ వాళ్లు వచ్చి, 'మాజీ శాసనసభ్యులు, పేదల నాయకుడు' అని చెక్కించాలన్నారట. రాయి మీద గుడ్డ తీసేది వాళ్ల మంత్రిగారేనట. మర్నాడు హైకోర్టు లాయర్లు వచ్చి, అదెలా కుదురుతుందండీ, 'జస్టిస్' అని ఉండాలి, పైన త్రాసు బొమ్మ ఉండాలి, గుడ్డ తీయాల్సింది పెద్ద జడ్జిగారు అన్నారట. ఆ తర్వాత రెండు పక్షాలూ ఒకేసారి వచ్చి మీ ముందుగదిలో కూర్చుని వాదించుకున్నాయి. కాఫీలు కలపలేక వదిన ప్రాణం విసిగిపోయింది. ఈ ఇంటి ఆడపడుచు ఒకతి ఉంది, ఆమె ఎలా అంటే అలా అని చెప్పి పంపించేసింది.

ఇదేం పీటముడి అన్నయ్యా నాకు? నువ్వు నాయకుడివో జడ్జివో బతికున్నన్నాళ్లూ నువ్వే తేల్చుకోలేకపోయావు. సముద్రం ఇవతల కూర్చుని నేనెలా తేల్చేది?

నవ్వకు. నిజంగానే అడుగుతున్నాను.

నాన్న మిషన్ స్కూలు పంతులు. దైవాధీనం అని నీకు పేరు పెట్టినప్పుడు, పాపం, అది గోడలకెక్కుతుందని అనుకుని ఉండడు. నువ్వు మొదటిసారి ఎన్నికల్లో నిలబడినప్పుడు అవతలి వాళ్లు ఊరంతా 'వీళ్ల గెలుపు దైవాధీనం' అని వెక్కిరింతగా రాయించారు. మనవాళ్లు సున్నం బకెట్లు పట్టుకుని బయల్దేరితే నువ్వు ఆపేశావు. "చెరపకండ్రా, పుణ్యానికి నా పేరు రాసిపెట్టారు" అన్నావు. గెలిచావు కూడా. జడ్జివి అయ్యాక కూడా ఆ పేరు నిన్ను వదల్లేదు. కేసు నీ బెంచి మీదికి వస్తే, ఇంక మనదేముంది, దైవాధీనం అనుకునేవాళ్లట కక్షిదారులు!

ఎమ్మెల్యేగా ఉన్నప్పుడు మన వసారా గుర్తుందా? తెల్లారేసరికి నిండిపోయేది. మన పేట వాళ్లు ఆసాముల గడపల ముందు చేతులు కట్టుకుని నిలబడటం అలవాటైన వాళ్లు, నీ ముందూ అలాగే నిలబడేవాళ్లు. "ముందు కూర్చో. నిలబడి చెప్పే మాట నా చెవికి ఎక్కదు" అని కసిరేవాడివి. బెంచీలు చాలక మన భోజనాల బల్ల కూడా వసారాలోకి పోయింది. మేమంతా వంటింట్లో నేల మీద కూర్చుని తింటుంటే అమ్మ నిన్ను తిట్టిన తిట్లు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి.

రైసుమిల్లు కోసం ఆ పేటనే ఖాళీ చేయించాలని నీ సొంత పార్టీ వాళ్లు పట్టుబట్టారు. నువ్వు అసెంబ్లీలో లేచి అడ్డం తిరిగావు. పేట నిలబడింది, నీ టికెట్ పోయింది. ఖాదీ చొక్కాలు మడిచి పెట్టెలో పెట్టి, నల్లకోటు దులిపి తొడుక్కుని మళ్లీ కోర్టుకు పోయావు. ఒక్కరోజన్నా బాధపడినట్టు కనబడలేదు. నిజంగా బాధ లేదా, మాకు కనబడనివ్వలేదా?

నేను సలాలా వచ్చిన కొత్తల్లోనే, ఎనభైలు అయిపోవస్తుండగా, నిన్ను హైకోర్టు జడ్జిని చేశారు. ఆ సంగతి మా హాస్టల్ కింద మలయాళీ కొట్లో ఫోన్ పట్టుకుని విన్నాను. విని అక్కడే భోరుమన్నాను. మా ఇంట్లో ఎవరో పోయారనుకుని ఆ కొట్టతను నాకు కుర్చీ వేసి, నీళ్లిచ్చి, షట్టర్ సగం దించాడు.

కానీ ఏం లాభం? రాజకీయం చేసి తెచ్చుకున్నాడు అన్న మాట నీతో పాటే కోర్టులోకి వచ్చింది. ఆ మాట అబద్ధమని చూపించడానికి నువ్వు తలుపులన్నీ మూసేశావు. వసారా లేదు, జనం లేదు. లాయర్లు వస్తారని వదిన మేనకోడలి పెళ్లికి కూడా పోలేదు. ఒకసారి ఎవరో ముసలావిడ కోర్టు హాల్లో నిలబడి వణుకుతుంటే కూర్చోమని నోరు జారావట, లాయర్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారట. "ఇప్పుడు ఎవరు పలకరించినా ఎందుకు పలకరించాడా అని ఆలోచిస్తున్నాను సువార్తా, ఇదేం బతుకే" అన్నావు ఫోన్లో.

చివరికి రైసుమిల్లు వాళ్లు వేసిన ఆ పేట కేసే తిరిగి తిరిగి నీ బెంచికి వచ్చింది. నా వాళ్ల కేసు నేను వినకూడదని తప్పుకున్నావు. ఇంకో జడ్జిగారి దగ్గర వాళ్లు ఓడిపోయారు. నువ్వు విని ఉంటే గెలిచేవాళ్లమని మన పేటలో ఇప్పటికీ అంటారు. నిన్ను మట్టిలో పెట్టిన రోజు పేటలో సగం ఇళ్ల వాళ్లు రాలేదని వదిన చెప్పింది. నేనూ ఉన్నానుగా రానిదాన్ని... నా విమానం దిగేసరికి అంతా అయిపోయింది.

సరే, సలాలా సంగతికి వస్తాను.

గల్ఫ్ యుద్ధం సద్దుమణిగి, పారిపోయిన మనవాళ్లంతా మళ్లీ ఇటు బాట పట్టిన రోజులు. నువ్వు కోర్టుకు సెలవు పెట్టి నన్ను చూడటానికి వచ్చావు. ఎయిర్‌పోర్టు బయట జల్లులో నిలబడి, ఇప్పుడు ఇక్కడ ఖరీఫ్ అని నేను అనగానే, "అలాగా, నాట్లు పడ్డాయా? ఎరువులు అందుతున్నాయా?" అని అడిగావు చూడు! ఇక్కడ ఖరీఫ్ అంటే ఈ జల్లుల కాలమే, వరి లేదు పాడు లేదు అని చెబితే ఎంతసేపు నవ్వుకున్నాం! ఎమ్మెల్యే ఇంకా చావలేదు నీలో అన్నాను.

మల్లేశం, రాజలింగు నీకు ఎలా తెలిశారో గుర్తుందిగా. ఇద్దరూ కరీంనగర్ వైపు వాళ్లు. ఊళ్లు వేరైనా ఇక్కడ ఒకే యజమాని, మనవాళ్లు అర్బాబ్ అంటారే, ఆయన కొబ్బరితోటలో పని, ఒకే రూమ్, ఒకే వంట. మల్లేశం చెయ్యి కోసుకుని వస్తే నేనే కట్టు కట్టాను, అప్పట్నుంచి సిస్టర్ అంటూ వస్తుంటాడు. ఆ ఏడు తోటలో పని ఎక్కువ, ఒక్కరికే సెలవు ఇస్తానన్నాడు అర్బాబ్. మల్లేశానికి ఊళ్లో తల్లి మంచం మీద ఉంది. రాజలింగు కొడుకు అతను ఇక్కడికి వచ్చాక పుట్టాడు, తండ్రి మొహం ఎరగడు. ఇద్దరి మధ్యా మాటలు ఆగిపోయాయి, వంటలు వేరయ్యాయి. అంతలో సిస్టర్ అన్న జడ్జి వచ్చాడని తెలిసి మల్లేశం అర్బాబ్ చెవిన వేశాడు. అర్బాబ్ ఎగిరి గంతేసినంత పని చేశాడు. ఈ తగవు తన నెత్తి మీంచి దిగిపోతుంది కదా!

శుక్రవారం మనల్ని తోటకు పిలిచాడు. నువ్వు కారు దిగగానే ఆ పెద్దాయన రెండు చేతులూ చాచి, ఖాదీ, ఖాదీ అంటూ ఎదురొచ్చాడు. నీ మొహం మాడిపోయింది. నా వైపు తిరిగి, "ఇక్కడ కూడా ఖాదీయేనా? నేను అది విప్పేసి ఎన్నేళ్లయిందే? ఎవరు చెప్పారు వీళ్లకు?" అన్నావు. నిన్ను రాజకీయ నాయకుడన్నారని ఉడికిపోయావు. ఇక్కడి భాషలో ఖాదీ అంటే జడ్జి అన్నయ్యా అని నేను చెవిలో చెప్పేసరికి... ఆ మొహం నేను ఎలా మర్చిపోతాను? ముందు తెల్లబోయావు, తర్వాత చాప మీద కూలబడి కళ్లు తుడుచుకుంటూ నవ్వావు. "రెండింటికీ ఒకటే పేరు పెట్టిన ఊరు ఇదొక్కటే సువార్తా" అన్నావు.

అయినా ఒప్పుకోలేదు. "ఇది నా పరిధి కాదు" అన్నావు. అర్బాబ్‌కు ఆ మాట హిందీలో ఎలా చెప్పాలో మల్లేశానికి తెలియలేదు, నాకూ తెలియలేదు. ఖాదీ అన్నవాడు విననంటాడా అని ఆయన ఖర్జూరాల పళ్లెం నీ ముందుకు జరిపాడు. ఎదురుగా వాళ్లిద్దరూ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. అది చూడలేకపోయావు నువ్వు. "కూర్చోండయ్యా ముందు" అనేశావు. ఇక అయిపోయింది, వసారా తెరుచుకుంది.

ఎంతసేపు విన్నావు! ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, తల్లికి మందులు ఎవరు తెస్తున్నారు, పిల్లాడు ఏమని పిలుస్తున్నాడు... అన్నీ అడిగావు. అమ్మ ఎప్పుడూ అట్లనే ఉంటది సారూ, పానం మీదికి ఏం లేదు అని మల్లేశమే చెప్పాడు. ఇద్దరూ నీ మాటకు కట్టుబడతామని ఒట్టు పెట్టుకున్నాకే తీర్పు చెప్పావు. రాజలింగు వెళ్లాలి, వచ్చే ఏడు మల్లేశం. తిరిగి వస్తూ కారులో, "జడ్జినయ్యాక ఇవాళే మనుషుల మొహాలు చూసి తీర్పు చెప్పాను. హాయిగా ఉందే" అన్నావు. అంత సంతోషంగా నిన్ను చూసి ఎన్నేళ్లయిందో.

నువ్వు ఇండియా వెళ్లిన కొద్ది రోజులకే మల్లేశం తల్లి పోయింది.

నీకు ఫోన్లో చెప్పాను. లైన్ తెగిందేమోనని హలో హలో అని అరిచాను. చివరికి, "ఆ ఊరి పేరేమిటి?" అని మాత్రం అడిగావు. చెప్పాను, పెట్టేశావు. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. తీర్పు చెప్పాక వెనక్కి తిరిగి చూడకూడదని నువ్వు అంటుండేవాడివి కదా, మా అన్నయ్య గుండె కోర్టులో రాయి అయిపోయిందనుకున్నాను. ఇన్నేళ్లూ అలాగే అనుకున్నాను.

ఇప్పుడు నా కోపం సంగతి చెబుతాను.

వదిన ఫోన్ చేసిన మర్నాడు మల్లేశం బీపీ చూపించుకోవడానికి వచ్చాడు. మాటల్లో నీ సమాధి రాయి గొడవ చెప్పాను. అతను చొక్కా చెయ్యి కిందికి లాక్కుంటూ, సారు మా ఇంటికి వచ్చిండు గద సిస్టర్ అన్నాడు. నాకు అర్థం కాలేదు. ఎవరొచ్చారు, ఎక్కడికి వచ్చారు అన్నాను. నాకు తెలుసనే అనుకున్నాడట ఇన్నాళ్లూ!

తల్లి పెద్దకర్మ రోజున వాళ్ల ఊరికి వెళ్లావట నువ్వు. కారు లేదు, గన్‌మ్యాన్ లేడు. ఆర్టీసీ బస్సు దిగి, దారి అడుక్కుంటూ నడిచి వెళ్లావట. ఎవరో కంపెనీ మనిషి వచ్చాడనుకున్నారట వాళ్లు. వాకిట్లో అందరి మధ్యా కూర్చుని, మల్లేశం భార్యతో, "నీ మొగుణ్ని అక్కడ ఆపినవాణ్ని నేనేనమ్మా. ఆలోచించే చెప్పాను, అయినా తప్పు చెప్పాను. నన్ను క్షమిస్తాడేమో అడిగానని చెప్పు" అన్నావట. విస్తరి వేస్తే తిన్నావట. కల్లు పోయబోతే మాత్రం దండం పెట్టావట. ఆమె ఇదంతా క్యాసెట్‌లో మాట నింపి మల్లేశానికి పంపింది.

నాకెందుకు చెప్పలేదు అన్నయ్యా? వదినకెందుకు చెప్పలేదు? నీ మనసు రాయి అని నేను అనుకుంటుంటే ఊరుకున్నావు... ఎవరైనా అలా చేస్తారా? ఆ రోజు వార్డులో మందుల ట్రాలీ పక్కన నిలబడి ఏడ్చాను. మల్లేశమే నాకు మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

నిన్న వదినకు ఫోన్ చేసి ఆడపడుచు మాట చెప్పేశాను. రాయి మీద నీ పేరు, నాన్న పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ, ప్రభువునందు నిద్రించెను. అంతే. ఎమ్మెల్యే వద్దు, జస్టిస్ వద్దు, త్రాసు బొమ్మ అసలే వద్దు. ఆ రెండు పదవులూ నిన్ను ఎంత నలిపేశాయో నాకు తెలుసు, ఇంక నీ తల దగ్గర కూడా అవి కొట్టుకోవడం ఎందుకు? గుడ్డ తీసేది మంత్రిగారూ కాదు, పెద్ద జడ్జిగారూ కాదు, మల్లేశం అన్నాను. అతనెవరని వదిన అడిగింది. మొత్తం చెప్పాను. ఒకనాడు పొద్దున్నే చెప్పకుండా పోయి, ఎర్రమట్టి కొట్టుకున్న చెప్పులతో సాయంత్రం తిరిగొచ్చావని, ఏమడిగినా చెప్పలేదని ఆమెకు గుర్తొచ్చింది. ఇద్దరం ఫోన్లో ఏడ్చాం. సరే అంది.

ఇది నేను మల్లేశాన్ని బతిమాలి ఒప్పించింది కాదు. వచ్చే వారం సెలవు మీద ఊరికి పోతున్నాడు. మీ అన్న సమాధి కాడికి తొవ్వ చెప్పు సిస్టర్ అని తనే అడిగాడు. అంత దూరం ఎందుకయ్యా, నీకున్న సెలవే కొంచెం కదా అన్నాను. దానికి అతనన్న మాట ఉన్నదున్నట్టు నీకు రాస్తున్నాను. "సారు అడిగిన నాడు నేను ఇంట్ల లేకపోతి. జవాబు నా దగ్గర్నే ఉండిపాయె."

ఏం చెబుతావు అని నోటిదాకా వచ్చింది, అడగలేదు. నువ్వు అడిగింది అతన్ని, నన్ను కాదు.

వస్తున్నాడు అన్నయ్యా. ఏం చెప్పినా విను.

నీ చెల్లెలు,
సువార్త